అందరి తోట

మహాకావ్యంలో వర్ణించవలసిన విషయాలను మన ఆలంకారికులు ఒక పట్టికగా చెప్పారు. దండి తన 'కావ్యాదర్శం'లో ఆ పట్టికను నగరంతో ప్రారంభించాడు. నగరం తరువాత సముద్రం, సముద్రం తరువాత పర్వతం, ఆపైన ఋతువులు, చంద్రోదయ సూర్యోదయాలు, ఉద్యానక్రీడ, జలక్రీడ వస్తాయి. తెలుగు ప్రబంధకవులు ఈ సంప్రదాయాన్ని అనుసరించి అష్టాదశ వర్ణనలతో తమ కావ్యాలను తీర్చిదిద్దారు. పైకి ఇది కవులకు ఏర్పరచిన నియమంలా కనిపిస్తుంది. కాని కొంచెం ఆలోచిస్తే, మనిషి నివసించే ఊరు ఎలా ఉండాలో కూడా ఇది చెబుతున్నదని తోస్తుంది. మేడలు, వీధులు, అంగళ్ళు ఉన్నంతమాత్రాన నగరం పూర్తికాదు. కంటికి నీరు కనపడాలి, కొండ కనపడాలి, కాలికి మట్టి తగలాలి, పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు కూర్చోవడానికి చెట్టునీడ ఉండాలి.

ఈ వర్ణనలన్నీ ఒకేచోట కూడిన నగరం తెలుగునాట విశాఖపట్నం. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు తూర్పుకనుమలు. సాయంకాలం కాగానే కుటుంబాలకు కుటుంబాలే రామకృష్ణా బీచికి చేరుకుంటాయి. అక్కడే భారత నౌకాదళంలో 1969 నుండి 2001 వరకు సేవలందించిన 'కుర్సురా' జలాంతర్గామి, 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచి పిల్లలను ఆశ్చర్యపరుస్తున్నది. సముద్రతీరం వెంట ఉత్తరంగా వెళితే స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం పేరిట వెలసిన పార్కు, దాని పక్కనే కొండమీద శివపార్వతుల విగ్రహాలతో కైలాసగిరి కనిపిస్తాయి. 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ అడవిని ఆనుకొని ఉంది. విశాఖలో ఒక్క ఉద్యానమూ లేకపోయినా అక్కడి పిల్లలకు ఆటస్థలం ఉండేది. సముద్రానికి ఎవరూ ప్రహరీగోడ కట్టలేరు కదా!

సముద్రం లేని నగరం సంగతి వేరు. అక్కడ ఖాళీస్థలం దానంతట అది మిగలదు. ఎవరో ఒకరు పూనుకొని మిగల్చాలి. మన కళ్ళముందే పెరిగిన హైదరాబాదు పడమటి భాగం ఇందుకు చక్కని ఉదాహరణ. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాధాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతవరకు గుట్టలు, రాళ్ళు, పొలాలు, చెరువులతో నిండిన పల్లెసీమ హైటెక్ సిటీగా మారింది. కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నానక్‌రాంగూడ వంటి గ్రామాలు సైబరాబాదులో కలిసిపోయాయి. ఉద్యోగాలకోసం దేశం నలుమూలల నుండి యువతీయువకులు వచ్చారు. ఇరవై, ముప్పై అంతస్తుల భవనాలు లేచాయి.

ఆ భవనాలలో ఒక్క ఉద్యోగులే నివసించడం లేదు. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళితే మనుమలను చూసుకోవడానికి కరీంనగర్ నుండో, గుంటూరు నుండో, అనంతపురం నుండో వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు కూడా ఉన్నారు. ఇంటిముందు అరుగు, వీధి చివర రావిచెట్టు, ఊరి వెలుపల చెరువుగట్టు ఎరిగినవారు వారు. పొద్దున లేవగానే పలకరించే ఇరుగుపొరుగు లేక, లిఫ్టు దిగి ఎక్కడికి వెళ్ళాలో తెలియక, వారు పడే ఒంటరితనం సామాన్యమైనది కాదు. వారి చేయి పట్టుకొని నడిచే పసిపిల్లకు కూడా పరుగెత్తడానికి చోటు కావాలి. ఈ ఇద్దరి అవసరాన్ని తీర్చగలిగిన స్థలం ఉద్యానవనం ఒక్కటే.

పూర్వం కూడా ఉద్యానాలు ఉండేవి. కావ్యాలలో నాయికానాయకులు విహరించినవి అవే. కాని అవి రాజుల తోటలు. అంతఃపుర స్త్రీలకు, ఆస్థానికులకు తప్ప ఇతరులకు వాటిలో ప్రవేశం లేదు. కూలి చేసుకొని బ్రతికే మనిషికి, అతని భార్యాబిడ్డలకు తోటలో కూర్చునే హక్కు ఉన్నదన్న భావన ఆధునిక కాలంలో వచ్చింది. ఇంగ్లండులో లివర్‌పూల్ ఎదుట ఉన్న బర్కెన్‌హెడ్ పట్టణంలో 1847లో ప్రజాధనంతో ఒక ఉద్యానాన్ని నిర్మించి, ప్రజలందరికీ తెరిచారు. ఫ్యాక్టరీల పొగ కమ్మిన పట్టణాలలో పనివాళ్ళకు స్వచ్ఛమైన గాలి అందాలన్నది ఆనాటి ఆలోచన. ఆ తోటను చూసి ప్రభావితుడైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, తన సహచరుడు కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్కులోని సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశాడు. ఆ మహానగరం నడిబొడ్డున 843 ఎకరాలు నేటికీ పచ్చగా నిలిచి ఉన్నాయి.

ఆ పందొమ్మిదవ శతాబ్దంలోనే నిజాముల పాలనలో హైదరాబాదులో కూడా అటువంటి తోట ఒకటి వెలిసింది. నాంపల్లిలోని ఆ తోటను నేడు మనం పబ్లిక్ గార్డెన్స్ అంటున్నాం. దాని తొలిపేరు 'బాగ్-ఎ-ఆమ్'. బాగ్ అంటే తోట. ఆమ్ అంటే సామాన్య ప్రజలు. అచ్చతెలుగులో చెప్పాలంటే 'అందరి తోట'. ఉద్యానం అనే మాటకు ఇంతకన్నా చక్కని నిర్వచనం దొరకదు. నగరంలోని జంతు ప్రదర్శనశాల కూడా ఒకప్పుడు ఈ తోటలోనే ఉండేది. మీర్ ఆలం చెరువు వద్ద నెహ్రూ జంతు ప్రదర్శనశాలను నెలకొల్పి, 1963లో ప్రజలకు తెరిచినప్పుడు జంతువులను అక్కడికి తరలించారు.

హైదరాబాదులో బాగ్ అనే మాటతో కూడిన పేట్లు అనేకం ఉన్నాయి. బషీర్‌బాగ్, జాంబాగ్, కిషన్‌బాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి - ఈ పేర్లు మనం నిత్యం బస్సుల మీద చదివేవే. ఒకనాటి తోటల జ్ఞాపకాలు ఈ పేర్లలో ఉన్నాయి. కాని నేడు బషీర్‌బాగ్ చౌరస్తాలో నిలుచున్నవారికి కార్యాలయాలు, దుకాణాలు, వాహనాల వరుసలే కనిపిస్తాయి. తోట పోయింది, పేరు మిగిలింది. ఊరి పేరు ఊరి చరిత్రను చెబుతుందంటారు. ఒక్కొక్కసారి ఊరు పోగొట్టుకున్నదేమిటో కూడా చెబుతుంది.

సైబరాబాదు ప్రాంతపు పేర్లను ఈ దృష్టితో పరిశీలించండి. కొండాపూర్‌లో, మణికొండలో కొండ ఉంది. దుర్గం చెరువులో చెరువు ఉంది. గచ్చిబౌలిలోని బౌలి అంటే దిగుడుబావి. దానికి ముందు 'కంచ' చేర్చి కంచ గచ్చిబౌలి అని పిలిచే భూమి కూడా ఉంది. తెలంగాణ వ్యవహారంలో కంచ అంటే పశువుల మేతకోసం విడిచిపెట్టిన బీడు. అంటే కొండ, చెరువు, బావి, బీడు - ఇవన్నీ కలిసి ఈ ప్రాంతానికి రూపమిచ్చాయి. వీటిలో కొన్ని నేటికీ ప్రజలకు అందుబాటులో ఉన్నాయి. కుటుంబంతో వెళ్ళి చూడదగిన అటువంటి స్థలాలు కొన్నింటిని తెలుసుకుందాం.

మొదటిది కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్. అటవీ అభివృద్ధి సంస్థ నిర్వహణలో ఉన్న ఈ వృక్షోద్యానం విస్తీర్ణం 270 ఎకరాలకు పైమాటే. ఇందులో ఔషధ మొక్కలు, కలప చెట్లు, పండ్ల చెట్లు, వెదురు జాతులు, నీటి మొక్కలు వేరువేరు విభాగాలుగా పెరుగుతున్నాయి. వృక్షశాస్త్రం చదివే విద్యార్థికి ఇది ప్రయోగశాల. సాహిత్యం చదివే విద్యార్థికి ఇది నిఘంటువు. పద్యాలలో మనం చదివి, అర్థం వ్రాసుకొని, కంటితో ఎన్నడూ చూడని చెట్లు ఇటువంటి తోటలలో కనిపిస్తాయి. తాతయ్యలు ఇక్కడ గురువులవుతారు. కానుగపుల్లతో పళ్ళు తోముకున్నవారు, మోదుగాకులతో విస్తళ్ళు కుట్టినవారు చెట్టును చూపించి చెబితే ఆ పాఠం మరపునకు రాదు.

ఈ వనానికి సమీపంలోనే 2017లో 'పాలపిట్ట' పేరుతో సైకిల్ పార్కును ప్రారంభించారు. వాహనాల భయం లేకుండా పిల్లలు సైకిలు తొక్కడానికి ఇక్కడ ప్రత్యేకమైన బాట ఉంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పెద్దల నమ్మకం. ఆ నమ్మకంతోనే కొందరు ఆ పక్షిని పంజరంలో బంధించి తెచ్చి చూపించడం విచారకరం. ఊరి వెలుపలకు వెళ్ళి, ఆకాశంవైపు చూసి, స్వేచ్ఛగా ఎగిరే పిట్టను వెదకడమే ఆ ఆచారంలోని అందం. అందుకు పిట్ట వాలడానికి చెట్టు ఉండాలి, మనం చూడడానికి ఆకాశం ఉండాలి.

రెండవది దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు ఇక్కడి నుండి మంచినీరు అందేది. కొండల నడుమ దాగి ఉండడం వల్ల దీనికి రహస్య సరస్సు అనే పేరు కూడా వచ్చింది. నగరం చుట్టుముట్టిన తరువాత మురుగునీరు చేరి, గుర్రపుడెక్క అల్లుకొని ఈ చెరువు చాలాకాలం బాధపడింది. క్రమంగా గట్టున నడకబాట ఏర్పడింది. 2020 సెప్టెంబరులో దీనిమీద తీగల వంతెన ప్రారంభమైంది. సాయంకాలం వంతెన దీపాలు నీటిలో ప్రతిఫలిస్తుంటే చూడడానికి కుటుంబాలు తరలివస్తున్నాయి. అయితే దీపాల అందం ఎంత గొప్పదైనా, చెరువుకు అసలైన అలంకారం నిర్మలమైన నీరే.

దుర్గం చెరువు చుట్టూ ఉన్న బండరాళ్ళను కూడా శ్రద్ధగా చూడాలి. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగి ఉన్న పదార్థం చల్లబడి గట్టిపడినప్పుడు ఈ శిల ఏర్పడింది. కాలక్రమంలో దానిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగి, రాతి అంచులను నెమ్మదిగా కొరికి గుండ్రంగా చేసింది. మెత్తబడిన మట్టి కొట్టుకుపోగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా బండలు నిలిచాయి. తోస్తే పడిపోతాయేమో అనిపించే ఈ రాళ్ళు యుగయుగాల వానకూ ఎండకూ చలించలేదు. నేడు వాటిని ఒక్కరోజులో పిండిచేయగల యంత్రాలు వచ్చాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించిన కొందరు పౌరులు 1996లోనే శిలల పరిరక్షణకోసం ఒక సంఘంగా ఏర్పడ్డారు. చెట్టును నరికితే మరొక చెట్టును నాటవచ్చు. రాతిని పగలగొడితే మరొక రాతిని నాటలేము.

మూడవది మాధాపూర్‌లోని శిల్పారామం. శిల్ప, ఆరామం అనే రెండు పదాలు సవర్ణదీర్ఘసంధితో కలిసి ఈ పేరు ఏర్పడింది. ఆరామం అంటే ఉపవనం. బౌద్ధుల కాలంలో భిక్షువుల నివాసస్థానానికి కూడా ఆ పేరే ఉండేది. సైబర్ టవర్స్ రాకకు ముందే, 1992లో, చేతివృత్తులవారికి ఆశ్రయంగా ఈ కళాగ్రామం వెలిసింది. వివిధ రాష్ట్రాల నేతపనివారు, కుమ్మరులు, కొయ్యబొమ్మలు చేసేవారు తమ వస్తువులను ఇక్కడ ప్రదర్శించి అమ్ముకుంటారు. గ్రామీణ వృత్తులను నిలువెత్తు బొమ్మలలో చూపే ప్రదర్శనశాల పిల్లలను ఆకర్షిస్తుంది. సారె మీద కుండ ఎలా లేస్తుందో, మగ్గం మీద నేత ఎలా సాగుతుందో పట్టణపు పిల్లలు ఇక్కడ తెలుసుకోవచ్చు. సంక్రాంతి, ఉగాది పండుగలనాడు జరిగే సంబరాలు ఊరికి దూరమైనవారికి ఊరిని గుర్తుచేస్తాయి.

ఇక్కడి నుండి కొంచెం తూర్పునకు వెళితే, జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం ఉంది. 1998లో ఈ అడవికి జాతీయ ఉద్యానం హోదా లభించింది. నగరం మధ్యలో 350 ఎకరాలకు పైగా సహజమైన అడవి మిగలడం అరుదైన విషయం. ఉదయపు నడకకు వచ్చినవారికి నెమళ్ళ కేకలు స్వాగతం పలుకుతాయి. ఇది పూలకుండీలతో అలంకరించిన తోట కాదు. తెలంగాణ నేల తనంతట తాను పెంచుకునే ముళ్ళచెట్లు, పొదలు, గడ్డి ఎలా ఉంటాయో చూపే నమూనా.

ఈ స్థలాలన్నీ సెలవునాటి విహారానికి తగినవే. అయితే ఉద్యానం ఏడాదికి ఒకసారి చూసివచ్చే వింత కాదు; దినదినమూ కావలసిన అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం నగరాలకు ఒక కొలతను సూచించింది. ప్రతి ఇంటికీ 300 మీటర్ల దూరంలో కనీసం అర హెక్టారు, అంటే సుమారు ఎకరంబావు, పచ్చని స్థలం ఉండాలన్నది ఆ సూచన. 300 మీటర్లంటే అయిదు నిమిషాల నడక. మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ కూడా మనుమరాలి చేయి పట్టుకొని వెళ్ళిరాగల దూరం. మీ ఇంటి నుండి అయిదు నిమిషాలు నడిస్తే ఏమి వస్తుందో ఒకసారి గమనించండి.

పచ్చని స్థలం వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. చెట్లు నీడనివ్వడమే కాక, ఆకుల ద్వారా నీటి ఆవిరిని విడిచి పరిసరాలను చల్లబరుస్తాయి. మట్టినేల వాననీటిని తనలోకి ఇంకించుకుంటుంది. సిమెంటుతో కప్పిన నేలకు ఆ శక్తి లేదు. అప్పుడు వాన అంతా రోడ్డెక్కి పల్లానికి పరుగెత్తుతుంది. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షానికి హైదరాబాదులోని అనేక కాలనీలు నీట మునిగాయి. చెరువులు, కుంటలు, ఖాళీనేలలు తగ్గిపోయిన నగరంలో నీరు తన పాతదారులను వెదుక్కుంటూ ఇళ్ళలోకి వచ్చింది.

ఇంతటి అవసరమైన స్థలాన్ని ఎవరు కాపాడాలి? లేఅవుట్ వేసినప్పుడు కొంతభాగాన్ని పార్కుకోసం విడిచిపెట్టాలన్నది నియమం. కాని విలువైన నేల ఖాళీగా కనిపిస్తే దానిమీద అందరి చూపూ పడుతుంది. బెంగుళూరులోని ఒక కాలనీలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి నిర్మాణానికి ఇచ్చినప్పుడు స్థానికులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే, కాని ప్రజలకోసం ఉద్దేశించిన ఖాళీస్థలానికి అది ప్రత్యామ్నాయం కాదు. పార్కు ప్రభుత్వం దయతో ఇచ్చే బహుమానం కాదు, పౌరుల హక్కు అని గ్రహించడానికి ఈ తీర్పు తోడ్పడుతుంది.

సైబరాబాదులోనూ అటువంటి సందర్భం వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమిని అభివృద్ధి చేయాలన్న ఉద్దేశంతో 2025 మార్చి చివరలో చెట్లను తొలగించడం ప్రారంభించారు. రాష్ట్రానికి ఆదాయం, యువతకు ఉద్యోగాలు కావాలన్నది ఒక వాదం. నెమళ్ళకు, జింకలకు ఆశ్రయమైన పచ్చదనం పోతే తిరిగి రాదన్నది విద్యార్థుల, పర్యావరణ ప్రేమికుల వాదం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా ఈ విషయాన్ని విచారణకు స్వీకరించి, చెట్ల నరికివేతను నిలిపివేయాలని ఆదేశించింది. అంతకుముందు, 2024 జులైలో, చెరువులు, పార్కుల వంటి ప్రజాస్థలాల ఆక్రమణలను అరికట్టడానికి రాష్ట్రప్రభుత్వం 'హైడ్రా' అనే సంస్థను ఏర్పాటు చేసింది. అభివృద్ధికీ, పచ్చదనానికీ నడుమ ఎక్కడ గీత గీయాలన్న ప్రశ్న నేటి తరం ముందు ఉంది. మీరు పెద్దవారై ఉద్యోగాలలో, పదవులలో ప్రవేశించినప్పుడు దీనికి సమాధానం చెప్పవలసినవారు మీరే.

ఆ బాధ్యతకు ఇప్పటినుండే సిద్ధం కావచ్చు. ఒక ఆదివారం ఉదయం మీ ఇంట్లోని పెద్దవారిని, చిన్నపిల్లలను వెంటబెట్టుకొని దగ్గరలోని ఉద్యానానికి వెళ్ళండి. పది చెట్లను గుర్తుపట్టి, వాటి తెలుగుపేర్లు వ్రాసుకోండి. తెలియని పేరును పెద్దలను అడగండి. తినుబండారాల కాగితాలను, నీళ్ళసీసాలను అక్కడే విడిచిపెట్టకండి. మీ కాలనీ లేఅవుట్ పటంలో పార్కు అని గుర్తుపెట్టిన స్థలం నేలమీద కూడా పార్కుగానే ఉన్నదో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో పెద్దలతో కలిసి పురపాలక అధికారులను అడగండి.

సముద్రాన్ని మనం సృష్టించలేదు. విశాఖకు ప్రకృతి ఇచ్చిన వరమది. హైదరాబాదుకు ఆ వరం లేదు కాని కొండలు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి, బీళ్ళు ఉన్నాయి. వాటిని నిలుపుకొంటే ఈ నగరపు పిల్లలకు సముద్రతీరం లేని లోటు తీరుతుంది. నిలుపుకోకపోతే కొండాపూర్‌లో కొండ ఏదని, దుర్గం చెరువులో చెరువు ఏదని రేపటి పిల్లలు అడుగుతారు. జాంబాగ్‌లో తోట ఏదని అడిగితే నేడు మనవద్ద సమాధానం లేదు. రేపటి ప్రశ్నకైనా సమాధానం ఉండాలి. ఆ సమాధానం మాటల్లో కాక, వారు ఆడుకునే చెట్టునీడలో దొరకాలి.